తుల్యబలము

మథురలో కంసుని మల్లరంగమునకు రామకృష్ణులు వచ్చిన కథ తెలియని వైష్ణవ గృహము లేదు. ద్వారముకడ కువలయాపీడమను మదగజమును గూల్చి, దాని దంతములను భుజములపై మోపుకొని, అన్నదమ్ములిరువురును రంగమున ప్రవేశించిరి. చూచినవారికి వారివారి భావమును బట్టి స్వామి వేరువేరు విధములుగా గోచరించెను. కథ వినువారు సాధారణముగా ఈ సన్నివేశమునుండి చాణూరముష్టికుల పతనమునకు త్వరపడుదురు. నడుమ జరిగిన సంభాషణ చిన్నది. అందు యుద్ధము లేదు, మహిమ లేదు. ఒక ధర్మసందేహము మాత్రమే కలదు. అందుచేతనే కాబోలు దానిపై చూపు నిలుచుట అరుదు.

చాణూరుడు ముందు మంచిమాటలతోనే పిలిచెను. మీరు మల్లవిద్యలో నేర్పరులని రాజుగారు వినియున్నారు, గోపాలురు పసులను మేపుచు అడవులలో నిత్యము కుస్తీలు పట్టుచుందురు గదా, ప్రజలు రాజునకు ప్రియము చేయవలెను గదా, రండు అని అతని మాటల సారము. శ్రీకృష్ణుడు రాజాజ్ఞను కాదనలేదు. రాజు పిలుపు తమకు అనుగ్రహమే యనెను. కాని తాము బాలురమనియు, తమతో తుల్యమైన బలము గలవారితో ఆడుట తగుననియు, పోరు అట్లు నడచినచో మల్లసభలోని వారిని అధర్మము అంటదనియు చెప్పెను. వ్రేపల్లెలో పదునొకండేండ్లు గడిపి వచ్చిన బాలుడాయన.

అధర్మము అంటుట ఎవరికి? బాలునికి కాదు. ఎదుట నిలిచిన మల్లుని పేరును స్వామి ఎత్తలేదు. కూర్చుండి చూచు సభాసదులకు అంటునని ఆయన మాట. సర్వలోకములను కుక్షిలో దాల్చినవానికి తుల్యబలుడెవ్వడు? ఆయనకు ఎవరి రక్షణయు అక్కరలేదు. అయినను అడిగెను. రక్షణ అక్కరయైన బాలురు తరువాతి కాలమున ఎందరో బరిలోనికి వత్తురు గనుక వారి పక్షమున అడిగెనని భావించుట తప్పు కాదు.

చాణూరుని ప్రత్యుత్తరము మరింత ఆలోచింపదగినది. నీవు బాలుడవు కావు, కిశోరుడవును కావు. వేయి ఏనుగుల సత్తువ గల ఏనుగును ఆటగా చంపినవాడవు. కనుక బలవంతులతోనే పోరవలెను, ఇందు అన్యాయమేమియు లేదు అని అతడు వాదించెను. గెలిచినవాడు గనుక బాలుడు కాడనుట! నేటికిని పిల్లవానిని ముందుగా పెద్దబరిలోనికి దింపగోరువారు పలుకు మాట ఇదియే. ఇంతవరకు వీనిని ఓడించినవాడు లేడు, ఇక వేచియుండుట ఎందులకు అందురు. వారు లెక్కించు విజయములు నిజమే కావచ్చును. విజయములు బలమును చెప్పగలవు గాని వయస్సును చెరపలేవు.

ముష్టికుడను పేరులోనే ముష్టి కలదు. పిడికిటి పోరు మన పురాణములకు క్రొత్త కాదు. దానికి చేతితొడుగులు, త్రాళ్ల బరి, రౌండ్లు, పాయింట్లు ఏర్పడినది పడమటి దేశములలో. ఆ బాక్సింగు తెలుగునాట వేరూని ఫలించిన చోట్లలో నిజామాబాదు ముఖ్యమైనది. కామారెడ్డియు ఎల్లారెడ్డియు 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లా ఏర్పడువరకు ఆ నిజామాబాదు జిల్లాలోనివే. కనుక ఆ ప్రాంతపు ఇంట ఒక బాలుడో బాలికయో గ్లౌజులు కట్టుకొన్నచో అది వింత కాదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున వరుసగా గెలుచుచున్న పిల్లవాని తండ్రికి ఒకనాడు ఒక ప్రశ్న ఎదురగును. పెద్ద టైటిల్ కొరకు పోరు సిద్ధముగా నున్నది, ఒప్పుకొనవలెనా? బిరుదు వచ్చినచో పేరు వచ్చును, ధనము వచ్చును, క్రీడాకారుల కోటాలో ఉద్యోగమునకు దారి ఏర్పడును. అప్పు ఉన్న ఇంటికి ఇది చిన్న మాట కాదు. వలదన్నచో ఆ అవకాశము మరల రాకపోవచ్చును. కుమారునడిగిన, వాడు సిద్ధమే యనును. ఆ వయస్సున సిద్ధము కాననువాడు ఎక్కడనున్నాడు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఆ తండ్రి దూరము పోనక్కరలేదు. ఆ ప్రాంతపు పల్లెలలో జాతరలకును పండుగలకును కుస్తీపోటీలు జరుపు ఆచారము కలదు. డప్పులు మ్రోగుచుండగా ముందు చిన్నపిల్లలు బరిలోనికి వత్తురు. వారి పోరునకు కానుక కొబ్బరికాయ. కొబ్బరికాయ కుస్తీ యని దానికి పేరే ఏర్పడినది. పిదప కొద్ది రూపాయల కుస్తీలు, వాని పిదప మరికొంత హెచ్చు సొమ్ము గలవి, పొద్దు వాలిన తరువాత చివరగా పెద్ద పహిల్వానుల కుస్తీ. చాల చోట్ల దాని గెలుపునకు వెండి కడెము బహుమానము. తెల్లవారి కొబ్బరికాయ గెలిచిన పిల్లవాడు సాయంకాలము కడెము కుస్తీకి చేయి చాచినచో ఊరివారు నవ్వుదురు గాని దింపరు. బరికడ నిలిచిన పెద్దలు ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి, మెడను, భుజమును, తొడను పరికించి, సరిజోడు కాదనుకొన్నచో చేయి పట్టుకొని వెనుకకు పంపుదురు. శాస్త్రము చదువని ఆ పెద్దలు తుల్యబలమను మాటకు అర్థమును కండ్లతోనే నిర్ణయింతురు. వారికి టిక్కెట్ల రాబడి లేదు. జోడు తప్పినచో రేపు ఆ పిల్లవాని తల్లి ఎదురుపడి అడుగును. ఒకే ఊరిలో బ్రదుకువారికి ఆ చూపును తప్పించుకొనుట కష్టము.

అయితే కుస్తీకిని బాక్సింగునకును ఒక భేదము కలదు. దానిని దాచుట మేలు కాదు. కుస్తీలో వీపు నేలకు తగిలినచో పోరు ముగిసెను. బాక్సింగులో తలపై దెబ్బ ప్రమాదవశమున తగులునది కాదు, గురిపెట్టి కొట్టునది. 1928లోనే అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, ఏండ్ల తరబడి తలపై దెబ్బలు తిన్న బాక్సర్లలో నడక తడబడుట, మాట ముద్దగుట, బుద్ధి మందగించుట గలదని వైద్యలోకమునకు తెలిపెను. స్పృహ తప్పించిన దెబ్బయే కీడు చేయునని అనుకొనరాదు. స్పృహ తప్పింపని దెబ్బలు కూడ ఒకదానిపై ఒకటి కూడుచు పోయి మెదడునకు చేటు తెచ్చునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఒక గట్టి దెబ్బనుండి మెదడు కోలుకొనక మునుపే మరియొక దెబ్బ తగిలిన ప్రాణాపాయము కలుగవచ్చుననియు, ఆ అపాయము యౌవనము నిండనివారిలో హెచ్చనియు వైద్యులు హెచ్చరింతురు. ఇరువదేండ్లు దాటిన తరువాత కూడ మనుష్యుని మెదడు పెరుగుదల పూర్తి కాదు. భుజములు ముదిరినవని తలయు ముదిరినదనుకొనుట పొరపాటు.

ముందుగా బిరుదు పొందినవారి కథ యెట్లుండునో చూపుటకు విల్ఫ్రెడ్ బెనితెజ్ జీవితమున్నది. ప్యూర్టోరికో ద్వీపమున పెరిగిన ఆ బాలుడు 15 ఏండ్లకే వృత్తి బాక్సింగులో దిగెను. తండ్రియే అతనికి శిక్షకుడు. 1976 మార్చి 6న, 17 ఏండ్ల ప్రాయమున, సాన్‌హువాన్ నగరమున కొలంబియా వీరుడు ఆంతోనియో సెర్వాంతెస్‌తో పదునైదు రౌండ్లు పోరి ప్రపంచ బిరుదును గెలిచెను. అంత చిన్న వయస్సున ప్రపంచ బిరుదు గెలిచినవాడు బాక్సింగు చరిత్రలో మరియొకడు లేడు. ఆ రాత్రి జూచినవారికి పిల్లవానిని ముందుగా దింపినారను ఆక్షేపణ హాస్యాస్పదముగా తోచియుండును. గెలిచినాడు గదా! దెబ్బ తప్పించుకొనుటలో అతని నేర్పును నిపుణులు నేటికిని కొనియాడుదురు. తరువాత అతడు మరి రెండు తూకములలో కూడ బిరుదులు గెలిచెను; 1979లో షుగర్ రే లెనార్డ్ చేతిలో ఓడెను; 1990 వరకు పోరుచునే యుండెను. ఆపై మెదడు వ్యాధి పాలై, మాటయు నడకయు తప్పి, కన్నతల్లి చేతి సాకుడుపై ఆధారపడెను.

ఆ వ్యాధిని 1976 నాటి ఒక్క రాత్రిపై మోపుట న్యాయము కాదు. అది అనేక సంవత్సరముల దెబ్బల కూడిక. కాని 17 ఏండ్లకు శిఖరమునెక్కినవానికి దిగివచ్చు దారిని ఎవరును చూపలేదు. బిరుదు వచ్చిన మరునాటినుండి ఎదుటికి వచ్చువారందరును ఆ బిరుదునకు తగిన బలము గలవారే. నేర్చుకొనుటకు చిన్న పోరులు ఉండవు, ఓడి నేర్చుకొనుటకు అసలే ఉండవు. ఓటమినాడు ప్రమాదము స్పష్టముగా కనబడును, గెలుపునాడు కనబడదు. అందుచేత ముందుగా వచ్చిన గెలుపే యెక్కువ భయపడదగినది.

మహాభారతమున అభిమన్యుని కథ ఈ సందర్భమున అందరి నోటను వచ్చును. పదునారేండ్లవాడు, పద్మవ్యూహమును ఛేదించుట తెలిసినవాడు, వెలువడుట తెలియనివాడు. సాధారణముగా ఆ బాలుని సాహసమును పొగడి కన్నీరు పెట్టి ఊరకుందురు. అతడు తనకు తెలియనిదేదో దాచలేదనుట ఎక్కువమంది మరచిన సంగతి. లోపలికి పోవు ఉపాయమును తండ్రి నేర్పెను గాని బయటికి వచ్చుట నేర్పలేదని ధర్మరాజుతో స్పష్టముగా చెప్పెను. అయినను పెద్దలు, నీవు దారి చేయుము, మేము వెంటనే వత్తుమనిరి. మాట యిచ్చినవారు అసత్యవాదులు కారు, వారిలో ఒకడు ధర్మపుత్రుడే. రాదలచిరి, రాలేకపోయిరి. సైంధవుడు అడ్డుపడెను. బాలుడు ఒప్పుకొన్నాడనుట వారి కొక ఊరట కాలేదు. కుమారుడు సిద్ధమే యన్నాడని చెప్పుకొను తండ్రులు ఈ ఘట్టమును మరియొకసారి చదువుట మంచిది.

బాక్సింగున బయటికి వచ్చు విద్య యేది? తల కాచుకొనుట, అడుగు వెనుకకు వేయుట, దెబ్బ తగిలినప్పుడు ప్రత్యర్థిని పట్టుకొని ఊపిరి తీసుకొనుట, రిఫరీ లెక్కపెట్టునప్పుడు తొందరపడి లేవకుండుట. ఇవి శిష్యుడు నేర్వవలసినవి. వీనికంటె ముఖ్యమైనది శిక్షకుని చేతిలో కలదు. పోరు చేయిదాటినదని తోచినప్పుడు మూలనున్నవాడు తువాలును రింగులోనికి విసరి ఓటమి నంగీకరించు ఆచారము కలదు. ఆ తువాలు విసరుటకు చేయి రానివాడు మూలలో నిలిచినచో, ఆ పిల్లవాడు 18 ఏండ్లవాడైనను 28 ఏండ్లవాడైనను పద్మవ్యూహములో ఉన్నట్లే.

ఇంతవరకు చెప్పినది ఒక పక్షము. దీనిని మాత్రమే పట్టుకొన్నచో మరియొక అన్యాయము జరుగును. విశ్వామిత్రుడు యాగరక్షణకు రాముని అడిగినప్పుడు దశరథుడు, పదునారేండ్లు నిండని బాలుడు, రాక్షసులతో పోరుటకు తగడు అనెను. సైన్యముతో తానే వత్తుననెను. ఆ మాటలో ప్రేమ కలదు, లెక్కయు తప్పు కాదు. అయినను వసిష్ఠుడు పంపుమనెను. ఏలయన అడిగినవాడెవడో, అతడు బాలుని చేయి ఎట్లు పట్టుకొని నడపగలడో వసిష్ఠునకు తెలియును. విశ్వామిత్రుడు రాముని తిన్నగా శివధనుస్సుకడకు కొనిపోలేదు. సరయూతీరమున ముందు బల, అతిబల యను విద్యలను ఉపదేశించెను. అలసట, ఆకలిదప్పులు సోకకుండుటకు అవి. పిదప తాటక, ఆ పిదప అస్త్రములు, ఆ పిదప సిద్ధాశ్రమమున మారీచ సుబాహులు. మిథిలకు పోవుట వీటన్నిటి తరువాతి మాట. ప్రతి మెట్టునను గురువు ప్రక్కన నిలిచియే యుండెను. దశరథుడు వయస్సును మాత్రమే చూచెను, వసిష్ఠుడు మెట్లను చూచెను.

బెల్లమునకు పేరుపొందిన కామారెడ్డి రైతులకు ఇది తెలియని సంగతి కాదు. ముదరని చెరకును నరికి గానుగకు పెట్టినచో రసము పలుచగా వచ్చును, ఎంత మంట పెట్టినను పాకము గట్టిపడదు. పంట చేతికి వచ్చిన తరువాత కోయక చేనిలో వదలినచో తీపి తరిగిపోవును. కోత దినము ఏదనునది పంచాంగము చెప్పదు. చేనిలోనికి పోయి గడను విరిచి చూడవలెను.

నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ కథలో ఈ రెండు పక్షములును ఎదురెదురుగా నిలుచును. 1996లో పుట్టిన ఆమె స్థానిక శిక్షకుడు షంషాముద్దీన్ వద్ద బాక్సింగు మొదలిడి, పిదప విశాఖపట్టణమున శిక్షణ పొందెను. 2011లో టర్కీలోని అంటాల్యా నగరమున ప్రపంచ జూనియర్ విజేత యయ్యెను. నాటికి పదునైదేండ్లు నిండలేదు. అంత చిన్న వయస్సున ప్రపంచ పతకమనినచో తొందర యనిపించును గాని కాదు. అచట ఎదురు నిలిచినవారందరును అదే ప్రాయమువారు, అదే తూకమువారు. అది ఒక విధమున కొబ్బరికాయ కుస్తీయే, ప్రపంచమంతటి కొబ్బరికాయ. బాక్సింగు సంఘముల నియమము కూడ ఆ జాతర పెద్దల చూపు వంటిదే. జూనియర్లు వేరు, 17, 18 ఏండ్ల యూత్ విభాగము వేరు, 19వ ఏట గాని పెద్దల విభాగము తెరువబడదు.

2017లో భుజమునకు గాయమై ఆమె చాలకాలము బరికి దూరమయ్యెను. 2019లో అసలు పరీక్ష వచ్చెను. టోక్యో ఒలింపిక్సు అర్హతపోటీలకు 51 కిలోల తూకమున ఆరుసార్లు ప్రపంచవిజేతయైన మేరీకోమ్‌ను ఎంపికపోరు లేకుండ పంపుదురని వార్త రాగా, నిఖత్ తనకు కూడ అవకాశమిచ్చి న్యాయముగా పోటీ జరుపవలెనని కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసెను. చాలమంది ఆమెను తొందరపాటుగలదనిరి. నీ వంతు వచ్చువరకు వేచియుండుమనిరి. ఆ సంవత్సరము డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగెను. నిఖత్ 9–1 తేడాతో ఓడెను. ఓటమి చిన్నది కాదు. ముందే చెప్పినాము గదా అన్నవారికి ఆ దినమున సాక్ష్యము దొరకెను.

కాని కథ అచట ఆగలేదు. 2021లో ఇస్తాంబుల్‌లోని బాస్ఫరస్ పోటీలలో ఇద్దరు ప్రపంచవిజేతలను ఓడించి కాంస్యము తెచ్చెను. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలోని స్ట్రాంజా పోటీలలో టోక్యో రజతపతక విజేతను గెలిచి స్వర్ణము పొందెను. 2022 మే 19న ఇస్తాంబుల్‌లోనే థాయ్‌లాండు బాక్సర్ జుటామస్ జిట్‌పాంగ్‌ను 5–0తో ఓడించి ప్రపంచవిజేత యయ్యెను. మరుసటి ఏడు ఢిల్లీలో ఆ గౌరవమును మరల సాధించెను. 2024 పారిస్ ఒలింపిక్సులో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడి పతకము లేకుండ తిరిగివచ్చెను. ఆ వూ యూ ఆ పోటీలలో స్వర్ణము గెలిచెను.

2019 డిసెంబరు నాటి పోరు తొందరపాటా? సంఖ్యలను చూచినచో అవునందురు, ఫలితమును చూచినచో కాదందురు. రెండును తప్పు కొలతలే. ఆ పోరును ఆమె అడిగినది, ఆమెను పెట్టి ధనము గడించువారెవరును కాదు. అప్పటికి ఆమె 23 ఏండ్లది. పెద్దల విభాగమున ఏండ్ల తరబడి పోరినది. మూడే మూడు రౌండ్ల పోరది. ఓడిన మరునాడు పోవుటకు ఆమెకు శిబిరము కలదు, శిక్షకులు కలరు, మరుసటి పోటీ కలదు. బయటికి వచ్చు దారి తెరచియుండెను గనుక ఆ ఓటమి ఒక పాఠమయ్యెను. పదునైదు రౌండ్ల వృత్తిపోరున 17 ఏండ్ల బాలునికి అట్టి ఓటమి యెదురైనచో దానిని పాఠమనుటకు నోరు రాదు. పెద్దలు తరచుగా చెప్పు ‘వేచియుండుము’ అను మాటలో ఎంత శ్రద్ధ కలదో, స్థానములను కాపాడుకొను కోరిక ఎంత కలదో కూడ ఈ సందర్భమున విడదీసి చూడవలసినదే.

ఆ నిజామాబాదు గురువు షంషాముద్దీన్ కుమారుడు హుస్సాముద్దీన్‌ది మరియొక కథ. దాని గూర్చి మాటలాడుకొనువారు తక్కువ. 2023 మేలో తాష్కెంటు ప్రపంచపోటీలలో అతడు సెమీఫైనలుకు చేరెను. క్వార్టర్ ఫైనలులో మోకాలికి గాయమయ్యెను. ఎదుట క్యూబా బాక్సర్. గెలిచినచో రజతము నిశ్చయము, స్వర్ణమునకు ఒక్క అడుగు. అతడు బరిలో దిగలేదు. కాంస్యముతో తిరిగివచ్చెను. ఆ దినమున అతనికి 29 ఏండ్లు. ఇట్టి అవకాశము మరల వచ్చునో రాదో చెప్పలేని వయస్సు. దిగకుండ నిలిచిన పోరునకు చప్పట్లు ఉండవు, చిత్రములు ఉండవు. కుస్తీ బరికడ పిల్లవాని చేయి పట్టి వెనుకకు పంపిన పెద్ద పేరును కూడ ఎవరును వ్రాయరు.

మరల మథురకు పోవలసియున్నది. చాణూరుడు తన మాటయే నెగ్గించుకొనెను, పోరు మొదలయ్యెను. అప్పుడు సభలోని స్త్రీలు గుంపులు గుంపులుగా కూడి దయతో మాటలాడుకొనిరని భాగవతము చెప్పుచున్నది. వజ్రమువంటి అవయవములతో కొండలవలె నున్న మల్లులెక్కడ, యౌవనము రాని సుకుమార బాలురెక్కడ అనిరి. బలవంతునికిని బలహీనునికిని పోరు పెట్టి రాజు చూచుచుండగా తామును చూచుట సభాసదుల అధర్మమనిరి. అధర్మము జరుగుచోట నిలువరాదనిరి. తెలిసి ఊరకున్నవాడు, తప్పుగా చెప్పినవాడు, నాకేమి తెలియునన్నవాడు – ముగ్గురికిని పాపము తప్పదను భావము వారి మాటలలో కలదు. ఆసనములపై కూర్చున్న ప్రముఖులలో ఒక్కరు ఈ మాట అన్నట్లు కనబడదు. స్వామి ముందు పలికిన మాటనే ఆ స్త్రీలు, ఆయన పలుకు తమకు వినబడినదో లేదో గాని, తమంత తామే పలికిరి.

నేటి సభ పెద్దది. టిక్కెట్టు కొన్నవాడు, ఇంటిలో కూర్చుండి తెరపై చూచువాడు, పందెము కట్టువాడు, విజేతకు పూలమాల వేసి ఫొటో తీయించుకొను నాయకుడు – అందరును సభాసదులే. 1982 నవంబరు 13న అమెరికాలోని లాస్‌వేగాస్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్‌కూ పదునాలుగవ రౌండున కూలి, కొన్ని దినములకు మరణించెను. అతడు బాలుడు కాడు. ఆ మరణము తరువాత ప్రపంచ బాక్సింగు కౌన్సిలు బిరుదుపోరులను పదునైదు రౌండ్లనుండి పండ్రెండునకు తగ్గించెను. తక్కిన సంస్థలును క్రమముగా ఆ దారిని పట్టెను. రౌండ్లను తగ్గింపగల అధికారము వారికి అంతకు ముందు కూడ ఉండెను.

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో కాగితముపై సంతకము కొరకు వేచియున్న తండ్రి, తన కుమారుని బలమును గూర్చి అడుగవలసినది కొంచెమే. అది శిక్షకునకు తెలియును. అడుగవలసినదంతయు పోరు కుదుర్చువారిని గూర్చియు, మూలలో నిలుచువానిని గూర్చియు ఉన్నది. ఈ పోరు వలన ఎవరికి ఎంత వచ్చును? బాలుడు ఓడినచో మరుసటి నెల వానికి పోరు దొరకునా, లేక పాతవస్తువువలె ప్రక్కన పెట్టుదురా? ఎదుటివాడు ఎన్ని రౌండ్లు చూచినవాడు, వీడు ఎన్ని చూచినాడు? వైద్యుడు వలదన్నచో సంతకము చెల్లునా చెల్లదా? తువాలు ఎవరి చేతిలో నుండును? వీటికి సూటిగా సమాధానము చెప్పువారితో 18 ఏండ్లకే పంపిన తండ్రి దోషి కాడు. సమాధానమునకు బదులు కుమారుని విజయములను లెక్కించి చెప్పినచో, ఎదుట కూర్చున్నది చాణూరుడే యని తెలిసికొని లేచిరావచ్చును. అప్పు మరియొక విధమున తీరును. తీరకున్నను, పిల్లవాని తలకంటె అది పెద్దది కాదు.

దేవకీవసుదేవులు కూడ ఆ దినమున మల్లరంగముననే ఉండిరి. కుమారుల బలము తెలియనివారై, ప్రక్కనున్న స్త్రీల మాటలు వినుచు, లోలోపల దహించుకొని పోయిరి. వారిని సంతకమెవరును అడుగలేదు. చాణూరుడు పడెను, ముష్టికుడు పడెను, కూటశలతోశలులు పడిరి, తక్కిన మల్లులు పారిపోయిరి. కంసుడింకను మంచెపైననే కూర్చుండియున్నాడు. అప్పుడు రామకృష్ణులు తమ యీడు గోపబాలురను చేయి పట్టి బరిలోనికి లాగి, వాద్యములు మ్రోగుచుండగా, కాలి అందెలు ఘల్లుమనుచుండగా వారితో కలసి ఆడిరి.